కోతుల్లోనూ సీనియారిటీ

భిలాయ్ లాంటి ఉక్కు పట్నంలో సీనియారిటీ లిస్టు అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లోనూ కనిపించే ఎర్రమూతి కోతులదీ దాదాపు అదే పద్ధతి. గుంపులో కొత్తగా చేరిన మగకోతి సాధారణంగా అట్టడుగున మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ పైకెక్కుతుంది. కానీ పై కుర్చీ దక్కినంత మాత్రాన పిల్లలన్నీ దానివే కావు. ఆడకోతులు చాలావరకు ఒకే సీజన్‌లో ఎదకొస్తాయి. అన్నింటికీ ఒక్కటే కాపలా కాయలేదు. పైగా అవి కొత్త ముఖాలవైపూ మొగ్గుతాయి. 1938లో మన దేశం నుంచి ప్యూర్టోరికో దగ్గరి కాయో శాంటియాగో దీవికి తరలించిన కోతుల సంతతిపై జరిపిన డీఎన్ఏ పరీక్షల్లో, కింది స్థాయి మగవాటికీ పిల్లలున్నట్టు తేలింది.

కొండముచ్చుల కథ వేరు. చాలా గుంపుల్లో పెత్తనమంతా ఒక్క మగదానిదే. దాన్ని తరిమేసి వచ్చిన కొత్తది పసికూనల్ని చంపడాన్ని 1960లలో ధార్వాడ్ దగ్గర జపాన్ శాస్త్రవేత్త సుగియామా నమోదు చేశారు.

ఇది వట్టి కాలక్షేపం కబురు కాదు. కోతుల బెడద తట్టుకోలేక తెలంగాణ 2020లో నిర్మల్‌లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేంద్రం తెరిచింది. పెద్ద మగకోతిని పట్టుకెళితే చాలన్న వీధి సలహా ఎర్రమూతి కోతుల దగ్గర పనిచేయదు. సగం మగవాటికి ఆపరేషన్ చేసినా మిగతా సగం చాలు. సంఖ్య తగ్గాలంటే ఆడకోతులకే చేయాలి. సీనియర్‌ను బదిలీ చేస్తే షిఫ్టు ఆగదు కదా!