చిత్రసీమ: వై. వి. రావుగారు

నెల్లూరివారగు యరగుడిపాటి వరదరావుగారు నాటకములలో వేషములు కట్టి, మూకీ చిత్రములలో నటించి, పిదప దర్శకులైరి. కన్నడమున విడుదలైన తొలి టాకీ ‘సతీ సులోచన’ (1934) వారు తీసినదే. అరవమున ‘చింతామణి’ (1937) ఏడాదికి పైగా ఆడెను.

మనకు ముఖ్యమైనది ‘మళ్ళీ పెళ్ళి’ (1939). వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881లో తొలి వితంతు వివాహము జరిపించి అప్పటికి 58 ఏండ్లు. అయినను పెక్కు గృహములలో ఆ మాట గుసగుసగానే యుండెను. పురాణకథలు తెర నేలుచుండిన ఆ దినములలో రావుగారు బాలవితంతువు కథను చేపట్టిరి. ఆమె కాంచనమాల, చేయిపట్టు యువకుఁడు తామే. ఉపన్యాసమునకు రానొల్లని అత్తగారు సైతము బొమ్మ యనిన బండి కట్టింపు మనుచుండిరి గదా! మఱుసటి యేఁట ‘విశ్వమోహిని’లో వారు చిత్రసీమ బాగోగులనే కథగా మలచిరి.