తప్పు చెప్పుట యొక విద్య

తప్పు చేయుట మానవసహజము. ఇతరుల తప్పును కనిపెట్టుటయు కష్టము కాదు; కన్నులున్నవా రెల్లరును కనిపెట్టగలరు. కాని కనిపెట్టిన తప్పును దిద్దవలసినవారికి ఉపకరించునట్లు చెప్పుట మాత్రము అందరకు చేతకాదు. ఈ మాసమున మేము ఈ విషయమును గూర్చి ముచ్చటింపదలచితిమి. ఇందులకు దృష్టాంతములను పురాణములనుండి గాక, మన పిల్లలు వేళ యెఱుగక ఆడుకొను వీడియోగేములనుండి గ్రహించుచున్నాము. నవ్వకుడు. పాఠము ఎచ్చట దొరకినను పాఠమే.

ఈ యాటలలో చేతివేగముకన్న యుక్తియే ప్రధానముగా గలవి కొన్ని యున్నవి. కోటలు కట్టుట, ధాన్యము కూర్చుట, సేనలను నడపుట, పొరుగు రాజులతో సంధివిగ్రహములు చేయుట వీనిలోని పనులు. నిర్మాతలు ఇట్టి యాటను ఒకసారి ఇచ్చి ఊరకుండరు. అప్పుడప్పుడు క్రొత్త యంశములను చేర్చి, సవరించిన ప్రతిని పంపుచుందురు. దానినే అప్‌డేటు అందురు. క్రొత్త యంశములతోపాటు క్రొత్త దోషములును వచ్చును. అట్టి దోషమునకు బగ్గు అని పేరు, పురుగని యర్థము. బియ్యములోని తెల్లపురుగు బియ్యపురంగుననే యుండి చేటలో చెరిగినగాని కంటబడదు. ఇదియు నంతియే. అప్‌డేటు వచ్చిన మరునాటినుండి ఆటగాండ్రందరు చేటలు పట్టి కూర్చుందురు.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అను నొక యాట కలదు. మరుగుజ్జుల కోట యని దాని భావము. అమెరికా దేశీయులగు టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అను నన్నదమ్ములు దీనిని 2002వ సంవత్సరమున ప్రారంభించి, 2006లో లోకమునకు ఉచితముగా నిచ్చిరి. పెక్కేండ్లు ఆటగాండ్రు సంతోషముతో పంపిన విరాళములే వారికి జీవనాధారము. నిర్మాతలే బొమ్మలు కూర్చి విక్రయించిన ప్రతి 2022 డిసెంబరునగాని రాలేదు. అంతకుముందు వారిచ్చిన ప్రతిలో తెరపై అక్షరములును గుర్తులును మాత్రమే యుండెడివి. పిల్లి యనగా ఇంగ్లీషు అక్షరమాలలోని సి యను నొక చిన్న యక్షరము. ఆ యక్షరము కదలుచున్న పిల్లి నడచుచున్నట్లు ఆటగాడు ఊహించుకొనవలెను.

ఈ యాటలో మరుగుజ్జులు కొండను తొలిచి నివాసము లేర్పరచుకొందురు, సేద్యము చేయుదురు, మద్యము చేసికొందురు. మద్యము దొరకనిచో వారి పని మందగించును. 2015 డిసెంబరున వచ్చిన అప్‌డేటుతో కోటలో పానశాలలు నెలకొల్పుకొను వీలు కలిగినది. మరుగుజ్జులు అచ్చట గుంపుగూడి త్రాగి పాడుట ఆరంభించిరి. ఆటగాండ్రు సంతసించిరి. కాని త్వరలోనే యొక వింత బయలుపడినది. కోటలోని పిల్లులు చచ్చుచుండెను! వానిమీద బడిన శత్రువు లేడు; కరచిన మృగము లేదు.

ఇచ్చట ఆటగాండ్రు చేసిన పనిని గమనింపుడు. "క్రొత్త ప్రతి చెడిపోయినది" అని గోలచేసి యూరకున్నచో నిర్మాతకు ఏమి తెలియును? వారు తాము చూచినదానిని చూచినట్లు తెలిపిరి. పానశాల వచ్చిన తరువాత పిల్లులు చచ్చుచున్నవనియు, వాని చుట్టును వాంతి కనబడుచున్నదనియు చెప్పిరి. ఆ వాంతియే దీపమైనది. టార్న్ ఆడమ్స్ దానిని పట్టుకొని వెదకుచుపోగా అసలు సంగతి తేలినది.

అది యిట్టిది. త్రాగు మరుగుజ్జుల పాత్రలనుండి మద్యము నేలపై ఒలుకుచుండెను. నేలమీది ద్రవము నడచువారి పాదముల కంటుకొను నియమము ఆటలో పూర్వమే యుండెను. అది రక్తపు అడుగుజాడలకొరకు ఎన్నడో వ్రాసినది. పిల్లి తన యొడలు నాకి శుభ్రపరచుకొను ననునది మరియొక నియమము. దేహము చిన్నదైనకొలది మత్తు హెచ్చుగా నెక్కు ననునది యింకొక నియమము. వేరువేరుగా జూచిన ఇవి యన్నియు సత్యములే. మన యిండ్లలోని పిల్లులును ఇట్లే చేయును. తప్పు పరిమాణమున నున్నది. పిల్లి పాదము నాకినపుడు లోనికి పోవలసినది చుక్కకన్న తక్కువ. ఆట మాత్రము నిండుపాత్ర త్రాగినట్లు లెక్కించెను. పాపము, పిల్లికి అది విషమయ్యెను. నిర్మాత ఆ లెక్కను సవరించెను.

దీనినుండి మేము గ్రహించిన దేమన, ప్రతివాడును తన పని సరిగానే చేసినను, పనులు కలియుచోట తప్పు పుట్టవచ్చును. కావున దోష మగపడగనే "ఎవరు చేసిరి?" అని అడుగుటకన్న "ఎచ్చట, ఎప్పుడు, దేని తరువాత?" అని అడుగుట మేలు.

ఇక దీనికి విరుద్ధమైన కథ వినుడు. ఇది మన గాంధీమహాత్ముని పేరితో ముడివడినది. 1991లో సిడ్ మీయర్ అను నాయన నిర్మించిన సివిలైజేషన్ అను నాట వెలువడెను. ఇందు ఆటగాడొక జాతిని ఆదికాలమునుండి ఆధునిక కాలమువరకు నడపును. తక్కిన జాతులను కంప్యూటరే ప్రసిద్ధనాయకుల పేర్లతో నడపును. భారతదేశమునకు నాయకుడు గాంధీగారు. ఆయన ఈ యాటలో అణుబాంబులతో ఎల్లరను బెదరించుననియు, దానికి కారణ మొక బగ్గే యనియు 2012 మొదలుకొని ఒక కథ వ్యాపించినది.

ఆ కథ ప్రకారము, గాంధీగారి కలహశీలమునకు వేసిన యంకె ఒకటి, అందరిలో తక్కువ. ప్రజాస్వామ్యము రాగానే అందుండి రెండు తీసివేయబడునట. సున్నకు దిగువ అంకె లేనందున అది గిఱ్ఱున వెనుకకు తిరిగి 255 అయ్యెనట! మోటారుబండి మైళ్ళు చూపు చక్రములను సున్న దాటించి వెనుకకు త్రిప్పినచో వరుసగా తొమ్మిదులు కనబడును గదా, అట్లన్నమాట. వినుటకు ఎంత ముద్దుగా నున్నది! విన్నవారు నమ్మిరి, నమ్మినవారు మరి పదిమందికి చెప్పిరి.

సిడ్ మీయర్ 2020లో ప్రకటించిన తన స్మృతిగ్రంథమున, అట్టి బగ్గు ఎన్నడును లేదని వ్రాసెను. ఆ యాట రెండవ భాగమునకు ముఖ్యరూపకర్తయగు బ్రయన్ రెనాల్డ్స్ చెప్పినదానినిబట్టి కలహశీలమునకు మూడంతస్తులే గలవు; క్రింది యంతస్తున గాంధీగారితోపాటు నాయకులలో సుమారు మూడవవంతు ఉండిరి. శాంతముగా విద్యాభివృద్ధి చేసికొను జాతి గనుక భారతదేశమునకు అణువిద్య ముందుగా నబ్బుచుండెను. ఆ యస్త్రము చేతికందిన నాయకుడెవరైనను ఆడు బెదరింపుమాటయే గాంధీగారి నోటను వచ్చుచుండెను. 2010లో వచ్చిన యైదవ భాగమున మాత్రము, నిర్మాతయే పరిహాసమునకు, పదివరకుండు కొలతలో గాంధీగారి అణ్వస్త్రప్రీతికి పండ్రెండు వేసెను. అది బగ్గు కాదు, వేళాకోళము.

పుకారులు పుట్టునది స్త్రీలు చేరినచోటనే యని లోకులందురు. ఈ పుకారు పుట్టినచోట వంటిల్లును లేదు, నూతిగట్టును లేదు! ఆటలోని యంకెలను విప్పి చూచినవాడు లేక, కథ బాగున్నదని యొకరినుండి యొకరు అందుకొనుటయే దీనికి మూలము. పిల్లులవిషయమున చూచినది చెప్పిరి, దోషము తీరినది. గాంధీగారివిషయమున విన్నది చెప్పిరి. లేని దోషము లోకమంతట నిలిచినది.

మంచి యాటగాండ్రు దోషమును తెలుపునపుడు కొన్ని పద్ధతులు పాటింతురు. తమయొద్ద నున్నది ఏ ప్రతియో చెప్పుదురు. దోషమునకు ముందు తాము చేసినపనులను వరుసగా వ్రాయుదురు. మరల నట్లే చేసి, అది తిరిగి వచ్చునో లేదో చూతురు. ఆటను ఆ స్థితిలోనే భద్రపరచి పంపుదురు. తమ యూహను ఊహగానే చెప్పుదురు. నిర్మాతను దూషింపరు.

ఈ పద్ధతులు మన యిండ్లకు తగవా? పాలు విరిగినవి. "కోడలు వచ్చిననాటినుండి ఇంతే" యనుట గాంధీగారి కథవంటిది. ఏ గిన్నెలో కాచితిమి, దానిలో నిన్నటి మజ్జిగ తడి యున్నదా, పాలు ఎంతసేపు బయట నుండెను అని విచారించుట పిల్లుల కథవంటిది. మొదటిదానివలన ఒక యాడుబిడ్డ కంట నీరు వచ్చును. పాలు మాత్రము మరునాడును విరుగును. రెండవదానివలన గిన్నె శుభ్రపడును, ఇల్లు చల్లగా నుండును. బిడ్డకు జబ్బు చేసినపుడు ఇది మరింత ముఖ్యము. "దిష్టి తగిలినదేమో" యని వైద్యునితో చెప్పిన తల్లికన్న, ఎన్నిగంటలకు ఏమి తినెను, ఎన్నిమారులు వాంతియయ్యెను, జ్వర మెప్పుడు వచ్చెను అని చెప్పిన తల్లి వైద్యునికి కుడిభుజము.

కావున సోదరీమణులారా, మీ పిల్లలు "అమ్మా, అప్‌డేటు వచ్చి ఆట పాడైనది" అని చిరచిరలాడినపుడు కసరకుడు. ప్రక్కను కూర్చుండి "ఏమి చూచితివి నాయనా? దానికి ముందు ఏమి చేసితివి?" అని యడుగుడు. చూచినదానిని, విన్నదానిని, ఊహించినదానిని వేరుచేసి చెప్పుట వానికి అలవడినచో, ఆ యాటపై బోయిన కాలమున కొంతయైనను సార్థకమగును. ఆ యలవాటు రేపు వాడు తన భార్యను గూర్చి మనతోడను, మనలను గూర్చి భార్యతోడను మాటలాడునపుడు అక్కరకు వచ్చును.