పాపకు ఒకవైపే ఎదుగుదల... ఇప్పుడే ఆపరేషనా?

ప్రశ్న: మా పాపకు 13 ఏళ్లు. ఎనిమిదో తరగతి. రెండేళ్లుగా ఎడమ రొమ్ము పెరుగుతోంది. కుడివైపు చదునుగానే ఉంది. పురిట్లో రెండువైపులా గట్టిగా ఉబ్బితే, పాలు పిండాలని అవ్వ పిండింది. కుడివైపు చీముపట్టి కోయించాల్సి వచ్చింది. ఇప్పుడు పాప బడికి వెళ్లనని ఏడుస్తోంది. వెంటనే ఆపరేషన్ చేయించమంటున్నారు బంధువులు. రేపు పెళ్లయి, బిడ్డ పుడితే పాలివ్వగలదా?
- ఓ తల్లి, బుక్కరాయసముద్రం

జవాబు: ఇలా ఒకవైపు పెరగకపోవటం క్యాన్సర్ లక్షణం కాదు. ముందు ఆ భయం వదిలేయండి.

ఆడపిల్లల్లో సాధారణంగా 8-13 ఏళ్ల మధ్య చనుమొన కింద చిన్న బిళ్లలాంటి గడ్డతో ఎదుగుదల మొదలవుతుంది. ఒకవైపు ముందు, రెండోవైపు కొన్ని నెలల తర్వాత రావటం మామూలే. రొమ్ముకు అదే మొగ్గ. కణితి అనుకొని దాన్ని తీయిస్తే ఆ వైపు రొమ్ము ఇక ఎదగదు.

మీ పాపకు రెండేళ్ల తేడా ఉంది కాబట్టి పరీక్ష అవసరం. చీముగడ్డ వల్లో, కోత వల్లో ఆ మొగ్గ దెబ్బతిని ఉండొచ్చు. పుట్టుకతో వచ్చే పోలాండ్ సిండ్రోమ్ కూడా కారణం కావొచ్చు. దీన్ని 1841లో లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ పోలాండ్ అనే వైద్య విద్యార్థి వర్ణించారు. ఇందులో ఒకవైపు ఛాతీ కండరం సరిగా ఏర్పడదు. కొందరిలో అదే వైపు వేళ్లు పొట్టిగా, అతుక్కుని ఉంటాయి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చూపించండి. డాక్టరు చేత్తో పరీక్షించి, అవసరమైతే అల్ట్రాసౌండ్ రాస్తారు.

ఆపరేషన్‌కు తొందర వద్దు. ఎదుగుదల పూర్తయ్యాక, అంటే సుమారు 18 ఏళ్లు దాటాక చేయిస్తేనే రెండువైపులా సరిగ్గా కుదురుతుంది. అప్పుడు ఒంట్లోని కొవ్వుతో గానీ, ఇంప్లాంట్‌తో గానీ సరిచేస్తారు. అందాకా కుడివైపు మెత్తటి ప్యాడ్ పెట్టిన బ్రా వేయించండి. బడికి వెళ్లటానికి చాలామందికి ఆ ధైర్యం చాలు. పాప మరీ కుంగిపోతుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. పెళ్లికి, గర్భానికి ఇది అడ్డు కాదు. ఎడమ రొమ్ము బాగుంటే బిడ్డకు ఆ పాలే సరిపోతాయి.

ఇంట్లో పసిబిడ్డలున్నవారికి ఓ మాట. తల్లి హార్మోన్ల ప్రభావంతో పురిటిబిడ్డల్లో, మగపిల్లల్లో కూడా, రొమ్ములు ఉబ్బుతాయి. కాస్త పాలూ రావొచ్చు. కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పిండొద్దు, నూనె పెట్టి నలపొద్దు. ఎర్రబడినా, జ్వరం వచ్చినా వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.