కరదీపిక ఎవరి చేతికి?

ఉగాదికో, దీపావళికో ఉద్యోగులకు ఏదో ఒక చిన్న కానుక ఇచ్చే ఆచారం మన పట్టణాలలో స్థిరపడిపోయింది. గోడగడియారం, స్టీలు డబ్బా, సంస్థ పేరు అచ్చువేసిన కలం, మిఠాయి పెట్టె. ఈ వరుసలోనికి తాళపుచెవుల గుత్తికి తగిలించుకొనే చిన్న టార్చిలైటు కూడ వచ్చి చేరినది. నా మట్టుకు నాకు ఈ కానుకలన్నిటిలో ఆపత్సమయాన అక్కరకు వచ్చేది ఇదొక్కటే అనిపిస్తుంది. అయితే ఎంచుకొనే తీరు, పంచే తీరు రెండూ సరిగా ఉన్నప్పుడే సుమా! నేను చూచినంతవరకు ఆ రెండూ తలక్రిందులుగానే ఉన్నవి.

నా పూర్వశిష్యుడొకడు నగర శివార్లలో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న కర్మాగారం నడుపుతున్నాడు. నలభైమంది పనివారు, రెండు షిఫ్టులు. "మాస్టారూ, ఈసారి అందరికీ కీచైన్ టార్చి ఇద్దామనుకుంటున్నానండీ. దానిమీద అచ్చు వేయించడానికి మంచి మాటొకటి చెప్పండి" అని ఫోను చేసినాడు. తెలుగు పండితుని అడుగదగిన ప్రశ్నే. నేను మాట చెప్పకుండా ఎదురుప్రశ్న వేసినాను. "మీ పనివాళ్ళ సెల్‌ఫోన్లు లోపలికి రానిస్తావటోయ్?" "లేదండీ, గేటు దగ్గరే పెట్టించేస్తాం. మెషీను దగ్గర ఫోను చూస్తూ ఉంటే వేళ్ళు తెగుతాయి కదండీ" అన్నాడు.

నియమం మంచిదే. కాని "అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఫోనులో దీపం ఉంది, ఇంకా ఈ టార్చి దేనికి?" అనే విజ్ఞులు ఈ సంగతి కాస్త గమనించవలె. ఫోను చేతనుంచుకొనే స్వేచ్ఛ అధికారికి ఉన్నది, గుమాస్తాకు ఉన్నది. యంత్రం ముందు నిలిచినవానికి లేదు, తాళం వేసిన పెట్టెలో సెల్లు పెట్టి లోనికి వెళ్ళే అమ్మాయికి లేదు. కరెంటు పోయి పొగ కమ్ముకొన్నప్పుడు కటికచీకటిలో చిక్కేది ముందుగా వీరే. అందుచేత ఈ కానుక మొదట చేరవలసినదీ వీరికే. కాని జరుగుతున్నదేమి? కార్యాలయంలో కూర్చునేవారికి మేలిరకం టార్చి, తక్కినవారికి మిగిలితే, చవకరకం. రాత్రంతా ఒంటరిగా కాపలా ఉండే వాచ్‌మనుకు చాలాచోట్ల అసలే లేదు, అతడు "కాంట్రాక్టు మనిషి" గనుక!

అన్నట్టు, టార్చికి మనకొక చక్కని మాట ఉన్నది: కరదీపిక. చేతిదీపమని అర్థం. ఆ మాటను తీసికొనిపోయి మార్గదర్శక గ్రంథాలకు పేరుగా పెట్టుకొన్నాము, అసలు దీపాన్ని మాత్రం టార్చి అంటున్నాము. పల్లెలలో "బ్యాటరీ" అన్నా అదే. నాకేమీ అభ్యంతరం లేదు. కాని అచ్చువేసిన కరదీపికలు ప్రతి సంస్థలోను బీరువాల నిండా ఉన్నవి. "అగ్నిప్రమాద సమయమున పాటింపవలసిన జాగ్రత్తలు" అని గోడకు అంటించిన కాగితం కరెంటు పోతే ఎవరికి కనబడుతుంది?

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్కేంద్రంలో మంటలు లేచి 9 మంది మరణించినారు. అది కొండ లోపల, భూగర్భంలో ఉన్న కేంద్రం. నాడంతా వెలుగును పుట్టించే చోటు అది, ఆ రాత్రి పొగతో నిండి, రక్షించ వచ్చినవారికే దారి దొరకలేదు. 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో అగ్నిప్రమాదం జరిగి ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయినారు. చేతిలో చిన్న దీపముంటే వీరు బ్రతికేవారని నేననను. అట్లా అనడం చనిపోయినవారి పట్ల అపచారం. పొగ ముందు నూరు రూపాయల దీపమేపాటిది? నేను చెప్పేదల్లా అగ్నితోపాటు చీకటి కూడ వస్తుందని, ఆ చీకటికి మనం ముందుగా ఏర్పాటు చేయడం లేదని. 1993 ఫిబ్రవరి 26న న్యూయార్కు ప్రపంచ వాణిజ్య కేంద్రం నేలమాళిగలో బాంబు ప్రేలినప్పుడు మెట్లదారులు దీపాలారి పొగతో నిండిపోయినవి. వేలాదిమంది చీకటిలో తడుముకొంటూ దిగవలసివచ్చింది. ఆ తరువాత అక్కడ మెట్లకు బ్యాటరీ దీపాలు, చీకటిలో మెరిసే రంగు పట్టీలు ఏర్పరచినారు. అవి 2001లో దిగివచ్చినవారికి అక్కరకు వచ్చినవి.

ఇక ఎంపిక విషయం. టార్చిని దుకాణపు వెలుగులో చూచి కొనరాదు. పెట్టెమీద వ్రాసిన ల్యూమెన్ల సంఖ్యను అంతకంటె నమ్మరాదు. మెట్టు కనబడడానికి 5, 10 ల్యూమెన్ల వెలుగు చాలు. పైగా పొగలో మరీ తీక్ష్ణమైన వెలుగు తిరిగి మన కంటిలోనే పడుతుంది. పుష్యమాసపు మంచులో లారీవాడు పెద్దలైటు వేస్తే ఎదుట తెల్లగోడ నిలిచినట్లుంటుంది గదా, అట్లాగన్నమాట. దీపం నేలవైపు పట్టుకొని, వంగి, అవసరమైతే పాకుతూ పోవలె. కనుక వెలుగు తీక్ష్ణత కాదు చూడవలసినది, నమ్మకంగా వెలగడం.

మూడు రకాలు ఒక్కొక్కటి తెచ్చుకొని రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి పరీక్షించవలె. గుత్తిలో తాళపుచెవుల మధ్య టార్చి ఏదో వేలికి తెలుస్తున్నదా? ఎడమచేతితో, చెమటపట్టిన చేతితో, పనిలో వేసుకొనే తొడుగుతో మీట నొక్కగలుగుతున్నామా? ఒక నొక్కుకు వెలుగు రావలె. ఒకసారి నొక్కితే మిణుకుమిణుకు, రెండోసారి ఎరుపు, మూడోసారి తెలుపు అనే రకాలు జాతరలో పిల్లలకు బాగుంటవి, ఆపదలో పనికిరావు. వాటిలోనే సీసామూత తీసేదీ, ఈల ఊదేదీ కలిపి అమ్ముతున్నారు. ఈల మాత్రం మంచిదే, అరిచే ఓపిక లేనివానికి అది గొంతుక.

ముఖ్యమైనది సెల్లు. తెల్లని ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 3 వోల్టులు కావలె. (తెల్ల దీపానికి మూలమైన నీలి ఎల్‌ఈడీని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ ఇచ్చినారు. అది ఇప్పుడు మన తాళాల గుత్తిలో వ్రేలాడుతున్నది!) మిక్కిలి చవకరకాలలో మూడో నాలుగో చిన్న బిళ్ళల సెల్లులు పేర్చి ఉంటవి. అవి అయిపోతే క్రొత్తవి కొనడానికే టార్చి వెలంత అవుతుంది, అందుచేత ఎవరూ మార్చరు. ఛార్జింగు పెట్టుకొనే రకాలకు వెలుగు ఎక్కువే, వెలా నూటికి అటూ ఇటూ. కాని నెలల తరబడి వాడని వస్తువుకు ఛార్జింగు పెట్టాలని గుర్తుపెట్టుకొనేవారు ఎందరు? నా ఓటు టీవీ రిమోటులో వేసే సన్న సెల్లు ఒక్కటి పట్టే రకానికి. ప్రతి కిరాణా కొట్టులో దొరుకుతుంది. ఆ సెల్లు కారి లోపల తుప్పు పట్టకుండ ఏటా మార్చవలె, అంతే. అది బరువనుకొంటే సీఆర్ 2032 అనే పెద్ద బిళ్ళ సెల్లు వేసేది ఎంచుకోవచ్చును. తేలిక, ఏళ్ళ తరబడి చెడదు.

ఒక్క హెచ్చరిక. ఆ బిళ్ళను పసిపిల్లలు మ్రింగితే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదమున్నది. తాళాల గుత్తి ఇంటికి పోయేది, పిల్లల చేత ఆడేది. కాబట్టి మూతకు మరబిగింపు లేని బిళ్ళ టార్చిని, ఎంత చవకైనా, పంచరాదు.

మందుల కర్మాగారాలు, రంగుల గోదాములు, ద్రావకాల ఆవిరి నిలిచే చోట్లు వేరు సంగతి. అక్కడ మామూలు టార్చి మీట నొక్కడమే ఒక నిప్పురవ్వ కావచ్చును. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని మందుల కర్మాగారంలో ద్రావకపు ఆవిరి అంటుకొని 17 మంది మరణించినారని మరువరాదు. అట్టి చోట్ల పెసో అనుమతి పొందిన, రవ్వ పుట్టని ప్రత్యేక దీపాలే వాడవలె. వాటికి వెల ఎక్కువ. అక్కడ చవక అన్న ఆలోచనే కూడదు.

దానిమీద ఏ మాట అచ్చు వేయించవలె అంటే, నేను శిష్యునికి సూక్తి ఏదీ చెప్పలేదు. సంస్థ పేరు కూడ వద్దన్నాను. "రెండవ మెట్లు, ఉత్తరపు తలుపు" అని ఎవరికి దగ్గరైన దారి వారి టార్చిమీద వేయించమన్నాను. వాడు నవ్వి, "ఉత్తరం వైపు తలుపు దగ్గర అట్టల కట్టలు పేర్చామండీ" అన్నాడు. అదీ అసలు సంగతి! దారి మూసి దీపమివ్వడం కళ్ళు కట్టి అద్దమిచ్చినట్లు. పనివారందరికీ తప్పించుకొనే దారి తెలిసి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. తప్పుకొనే దారులలో అత్యవసర దీపాలుండాలని 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతున్నది. కీచైన్ టార్చి వీటికి తోడు మాత్రమే. "అందరికీ టార్చిలిచ్చాము గదా" అని మెట్లదారి దీపాల ఖర్చు మిగుల్చుకొనే యజమాని ఈ కానుక ఇవ్వకపోవడమే మేలు.

ఏటా సెల్లు మార్చడానికి ఒక తేదీ కావలెనంటే ఏప్రిల్ 14 ఉన్నది. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ ప్రేలి అగ్నిమాపక సిబ్బంది అనేకులు అసువులు బాసినారు. వారి స్మృతిలోనే అగ్నిమాపక వారోత్సవాలు ఆనాడు మొదలవుతవి. ఆ రోజు రాత్రి షిఫ్టులో యంత్రాలన్నీ ఆపి, ముందుగా అందరికీ చెప్పి, పది నిమిషాలు మెయిన్ ఆఫ్ చేయించవలె. వాచ్‌మను మొదలు మేనేజరు వరకు ఎవరి టార్చితో వారు, ఎవరి టార్చిమీద వ్రాసిన తలుపు వెంట వారు బయటికి రావలె. ఎవరి సెల్లు అయిపోయిందో, ఏ తలుపుకు తాళమున్నదో, ఏ మలుపులో అట్టల కట్టలున్నవో ఆ పది నిమిషాలలో తేలిపోతుంది.