డయలే లిమిటెడ్.. మెషిన్ కాదు!

లిమిటెడ్ ఎడిషన్ అనగానే మన చెయ్యి ఆగదు కదా. మొన్న బోనస్ పడిన రాత్రి నాకూ అదే అయ్యింది. ఫోన్‌లో ఓ క్రోనోగ్రాఫ్ వాచీ కనిపించింది. 1960ల నాటి డిజైన్, క్రీమ్ కలర్ డయల్, 500 పీసులే, వెనక నంబర్ కూడా చెక్కి ఇస్తారట. కార్ట్‌లో వేశా. పే మాత్రం నొక్కలేదు. తెల్లారితే అచ్చంపేట వెళ్లాలి.

మా నాయిన హెచ్‌ఎంటీ వాచీ నెల రోజులుగా ఆగిపోయి ఉంది. కీ ఇచ్చే వాచీ అది. బస్టాండ్ దగ్గర రిపేర్ చేసే తాతకు ఇచ్చి, పనిలో పనిగా నా ఫోన్‌లో ఫొటో చూపించా. "ఎట్లుంది తాతా?"

ఆయన డయల్ వంక చూడనే లేదు. "లోపల ఏ మెషిన్ ఉంది బిడ్డా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పేజీ మొత్తం వెతికా. డయల్ గురించి పది లైన్లు, మెషిన్ గురించి ఒక్క ముక్క లేదు. ఆ రాత్రి కూర్చుని చదివింది మీకూ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నా.

క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచ్ ఉన్న వాచీ. పై బటన్ నొక్కితే ముల్లు కదులుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కిందిది నొక్కితే సున్నాకొస్తుంది. పాత డిజైన్‌తో వచ్చే వాచీల్లో ఎక్కువగా వినిపించే మెషిన్లు ఇవి.

సీగల్ ఎస్‌టీ19: చైనాలోని తియాన్‌జిన్‌లో తయారవుతుంది. మూలం స్విట్జర్లాండ్‌కి చెందిన వీనస్ 175. చేత్తో కీ ఇవ్వాలి. గంటకు 21,600 బీట్లు. బటన్ పనిని నడిపించేది కాలమ్ వీల్, అంటే కోట బురుజులా పళ్లు పైకి లేచిన చిన్న చక్రం. ఈ మూడు మెకానికల్ మెషిన్లలో చవకైనది ఇదే.

వాల్జూ 7750: స్విస్ మెషిన్, 1970ల నుంచి ఉంది. ఆటోమేటిక్, చెయ్యి కదిలితే చాలు. గంటకు 28,800 బీట్లు. కాలమ్ వీల్ బదులు క్యామ్ ఉంటుంది. బటన్ కాస్త గట్టిగా నొక్కాలి, కానీ మొండి మెషిన్. చాలా కంపెనీలు వాడాయి.

జెనిత్ ఎల్ ప్రిమెరో: 1969 నాటిది. గంటకు 36,000 బీట్లు, అంటే సెకనుకు పది. అందుకే సెకనులో పదో వంతు కూడా కొలవగలదు. కాలమ్ వీల్ ఉంటుంది, ధరా ఆ రేంజ్‌లోనే ఉంటుంది.

ఇవి కాక మెకా-క్వార్ట్జ్ అని ఒకటుంది. సీకో వీకే సిరీస్ అలాంటిదే. టైమ్ నడిపేది బ్యాటరీ. స్టాప్‌వాచ్ ముల్లు మాత్రం మెకానికల్‌లా టక్కున సున్నాకు దూకుతుంది. చెడ్డదేం కాదు. మెకానికల్ రేటు పెట్టి కొంటేనే మోసపోయినట్టు.

అసలు సంగతి ఏంటంటే, 500 అనే లెక్క డయల్‌కి, కేస్‌కి మాత్రమే. లోపలి మెషిన్ వేరే వేల వాచీల్లో కూడా ఉండొచ్చు. మొదట ఇది తెలిసి నేను ఫీలయ్యా. కానీ మంచిదే అది! క్రోనోగ్రాఫ్‌లో మామూలు వాచీ కంటే పార్టులు చాలా ఎక్కువ. కొన్నేళ్లకోసారి విప్పి, కడిగి, ఆయిల్ వెయ్యాల్సిందే. నలుగురికీ తెలిసిన మెషిన్ అయితే పార్ట్ దొరుకుతుంది, చేసే మనిషీ దొరుకుతాడు. మెషిన్ కూడా అరుదైనదైతే ఆ కంపెనీ గుమ్మం ముందే నిలబడాలి.

రుజువు మా ఇంట్లోనే ఉంది. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది. 2016లో ఆ వాచీ కంపెనీ మూతకు కేంద్రం ఓకే చెప్పింది. కంపెనీ పోయినా నాయిన వాచీ మళ్లీ నడిచింది. తాత తన రేకు డబ్బాలోని ఓ పాత హెచ్‌ఎంటీ విప్పి, అందులోంచి స్ప్రింగ్ తీసి వేశాడు. లక్షల్లో తయారైన మెషిన్ కాబట్టే అది కుదిరింది.

కాబట్టి కొనేముందు రెండే అడగండి. మెషిన్ పేరు, నంబర్ ఏంటి? రేపు ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు?

నేనూ సెల్లర్‌కి అదే మెసేజ్ పెట్టా. నాలుగు రోజులైంది, జవాబు లేదు. వాచీ ఇంకా కార్ట్‌లోనే ఉంది. నాయిన మాత్రం రోజూ పొద్దున చాయ్ తాగుతూ తన దానికి కీ ఇస్తున్నాడు.