గుండు టైర్లకు గాట్లు

సెకండ్‌హ్యాండ్ టైర్ల కొట్టు ముందు ఓ సాయంత్రం కాసేపు నిలబడి చూడండి. అరిగి నున్నబడ్డ టైరును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కాల్చిన కత్తితో కుర్రాడొకడు గాడి వెంట గాడి లోతు చేస్తుంటాడు. రబ్బరు కమురు కంపు. ఆపైన బ్రష్షుతో నల్ల పాలిష్. పావుగంటలో టైరు నవనవలాడుతుంది. బటన్ (ట్రెడ్) 1.6 మిల్లీమీటర్లకు అరిగిందని చెప్పడానికి గాళ్ల అడుగున తయారీలోనే పెట్టిన చిన్న దిమ్మెలు కూడా ఆ కత్తికే పోతాయి. గాడి కింద తీగల మీద ఇంకెంత రబ్బరు మిగిలిందో కొనేవాడికి తెలిసే దారే లేదు.

దీన్ని వ్యాపారమనడం తప్పు. మోసమనాలి.

చవక అన్న మాటా నిలవదు. కొత్త కారు టైరు బటన్ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. నిబంధనల ప్రకారం 1.6 దగ్గర దాని ఆయుష్షు చెల్లు. అంటే వాడుకునేది 6.4. కత్తి తగలని పాత టైరే 3 మిల్లీమీటర్లతో దొరికిందనుకుందాం. అందులో మిగిలింది 1.4, నాలుగోవంతు కూడా లేదు. దానికి కొత్త టైరు ధరలో సగం పోస్తే మిల్లీమీటరుకు రెట్టింపు పైనే చెల్లించినట్టు. పైగా వానలో మూడు మిల్లీమీటర్ల గాడి నీళ్లను ఏపాటి తోడేస్తుందో బ్రేకు తొక్కినప్పుడు గానీ తెలియదు.

వయసు సంగతి మరీ ఘోరం. టైరు పక్కన అచ్చుపోసిన నాలుగంకెల్లో 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారీ. రోడ్డెక్కకుండా స్టెప్నీగా పడి ఉన్నా రబ్బరు గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. 2012లో ఇంగ్లండ్‌లోని సర్రేలో ఒక బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్లు, బస్సు కంటే పెద్దది. చనిపోయినవాళ్లలో ఒక కుర్రాడి తల్లి ఏళ్ల తరబడి పోరాడాక, 2021లో బస్సులు, లారీల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లను అక్కడ నిషేధించారు. పాత టైరు అమ్మితే దాని మీద ఆ సంగతి ముద్ర వేయాలని, గాడి కనీసం 2 మిల్లీమీటర్లు ఉండాలని అంతకుముందే చట్టం ఉంది.

మన దగ్గర రోడ్డు మీద పట్టుబడేది డ్రైవరు. టైర్లన్నిటికీ ఒక్కసారి డబ్బు కట్టలేని ఆటోవాలాను, ట్యాక్సీ నడుపుకునేవాణ్ని దోషిగా నిలబెట్టి, కత్తి పట్టిన కొట్టును వదిలేయడం న్యాయం కాదు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తనిఖీ రోజున మంచి టైర్లు అద్దెకు తెచ్చి బిగించి, సాయంత్రానికి విప్పేయడం బహిరంగ రహస్యం. తనిఖీ అధికారులకు ఇది తెలియదంటే నమ్మేదెవరు?

అన్ని పాత టైర్లనూ ఒకే గాటన కట్టనక్కర్లేదు. ఒళ్లు గట్టిగా ఉన్న లారీ టైరుకు పద్ధతిగా రీబటన్ వేయించి వెనక చక్రాలకు వాడటం వేరు. ఆర్టీసీలు ఆ పని సొంత షాపుల్లోనే చేసుకుంటున్నాయి. కార్లకు, ఆటోలకు గాట్లు పెట్టిన టైరు అమ్మడాన్ని మాత్రం నేరం చేయాలి. పాత టైరు అమ్మే ప్రతి కొట్టూ బిల్లు మీద తయారీ వారం, గాడి లోతు రాసివ్వాలి. ఎఫ్‌సీ నాడు టైరు నంబర్లు నమోదు చేసి, తర్వాత రోడ్డు మీద ఆపినప్పుడు వాటితో సరిచూడాలి. దానికి కావలసింది ఒక కాగితం, ఒక పెన్ను.