పెరుగు గిన్నె ఉండగా క్యాప్సూల్ ఎందుకు?

రీల్స్ తెరిస్తే చాలు.. గట్ హెల్త్ పాఠాలే! కొంబుచా, కెఫిర్, కిమ్చీ, ప్రోబయోటిక్ క్యాప్సూల్స్. "అక్కా, ఇవన్నీ కొనకపోతే నా పొట్ట పాడైపోతుందా?" అని హాస్టల్లో ఉంటున్న మా బాబాయి కూతురు మెసేజ్ పెట్టింది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నా.

మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. మనకు అరగని పీచును తిని, పేగు గోడలకు బలమిచ్చే పదార్థాలను తయారుచేస్తాయి. పుల్లటి పాలలోని బ్యాక్టీరియా పేగులకు మేలు చేస్తుందని వందేళ్ల కిందటే వాదించినవాడు ఇల్యా మెచ్నికోవ్. 1908లో నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. అంటే ఈ ట్రెండ్ అంత కొత్తదేం కాదన్నమాట.

పులిసిందల్లా ప్రోబయోటిక్ కాదు

ప్రోబయోటిక్ అనాలంటే అందులోని సూక్ష్మజీవి బతికుండాలి, తగినంత ఉండాలి, మేలు చేస్తుందని రుజువుండాలి. ఇడ్లీ పిండి రాత్రంతా పులుస్తుంది నిజమే. కానీ ఆవిరికి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అలాగని ఇడ్లీ దండగ కాదు. పులియడం వల్ల తేలిగ్గా అరుగుతుంది, ఇనుము లాంటివి ఒంటికి బాగా పడతాయి. మజ్జిగ పులుసు కూడా మరిగించాక అంతే. ఇక ఆవకాయను నిల్వ ఉంచేది ఉప్పూ, నూనే, ఆవపిండీ. రుచి కోసం తినండి, గట్ హెల్త్ పేరు చెప్పి మాత్రం జాడీ ఖాళీ చేయకండి!

బతికున్న బ్యాక్టీరియా కావాలా? పెరుగు, మజ్జిగ, పెరుగుతో తోడుపెట్టిన చద్దన్నం.

మరి క్యాప్సూల్స్?

2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మందిని రెండు జట్లు చేసి, పది వారాలు ఒక జట్టుకు పులిసిన పదార్థాలు, రెండోదానికి పీచు ఎక్కువగా ఇచ్చారు. పులిసినవి తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, వాపు సూచించే ప్రొటీన్లు తగ్గాయి. చిన్న అధ్యయనమే, అయినా ఆశ కలిగించేదే. క్యాప్సూల్స్ సంగతి వేరు. చాలా జీర్ణ సమస్యలకు అవి పనిచేస్తాయనడానికి తగిన రుజువు లేదని అమెరికా గ్యాస్ట్రో వైద్యుల సంఘం 2020లోనే తేల్చేసింది. డాక్టర్ రాస్తే వాడండి, ఇన్‌ఫ్లుయెన్సర్ చెబితే కాదు.

ఇలా చేసి చూడండి

* గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేయండి. పాలు మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చస్తుంది.
* చద్దన్నానికి, వండిన అన్నాన్ని గంటలకొద్దీ బయట వదిలేయొద్దు. వేడి తగ్గగానే గోరువెచ్చని పాలు పోసి తోడుపెట్టండి. జిగురు, బూజు, తేడా వాసన ఉంటే పారేయండి. మళ్లీ వేడిచేసినా కొన్ని విషాలు పోవు.
* పేగులోని జీవులకూ తిండి కావాలి. పప్పు, జొన్న రొట్టె, ఉల్లిపాయ, అరటిపండు తినండి. ఒక్కసారిగా పెంచితే గ్యాస్ వస్తుంది, మెల్లగా పెంచండి.

ఒక్క మాట సీరియస్‌గా. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, వారాల తరబడి విరేచనాలు.. ఇవి పెరుగుతో తగ్గేవి కావు. సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ప్రోబయోటిక్స్ మొదలుపెట్టే ముందు అడగాల్సిందే.

మిగతావాళ్లు మెస్‌లో పెట్టే ఆ పెరుగు కప్పుని వదిలేయకండి. మీరు వెతుకుతున్నది చాలావరకు అందులోనే ఉంది.